అప్‌డేట్: సీ-బ్యాండ్ డిష్‌కే కేయూ కూడా పట్టింది

మేడ మీదున్న ఆరడుగుల సీ-బ్యాండ్ (పొడవాటి తరంగాల) డిష్‌లోనే, కేయూ బ్యాండ్ (పొట్టి తరంగాల) మీద వచ్చే దూరదర్శన్ ఉచిత సర్వీసు డీడీ ఫ్రీ డిష్ కూడా వస్తుందా అని ఇంతకుముందు అడిగాను కదా, వచ్చింది! డిష్‌ని జీశాట్-30 ఉపగ్రహం (83 డిగ్రీల తూర్పు) వైపు నుంచి కదపలేదు. కోఠి గుజరాతీ గల్లీలో కేయూకి యూనివర్సల్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్ పట్టే భాగం), రెండు ఎల్ఎన్‌బీలను ఒకే రిసీవర్‌కి మార్చి మార్చి కలిపే డైసెక్ స్విచ్ కొని, కొత్త ఎల్ఎన్‌బీని పాతదాని పక్కనే రేకు పట్టీతో బిగించాను. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల దగ్గర, అంటే తూర్పున, కాస్త కిందికి. డిష్ అద్దంలా తిప్పికొడుతుంది కాబట్టి ఎల్ఎన్‌బీని పడమటికి, కొంచెం పైకి జరపాలి. అటు జరపమని చెప్పిన అన్నకి థాంక్స్, లేకపోతే ఎండలో ఇంకా తూర్పు వైపే వెతుకుతుండేవాణ్ణి. రిసీవర్‌లో ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ (మెగాహెర్ట్జ్‌లో) సీకి 5150, కేయూకి 9750/10600 పెట్టాలి. పెద్ద వానకి మాత్రం కేయూ ముందు పోతుంది, సీ నిలబడుతుంది. జాలీ డిష్ వాళ్లు కన్నాల సైజు చూసుకోండి, కేయూ తరంగం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, కన్నాలు పెద్దవైతే వాటిలోంచి జారిపోతుంది.