వయోమింగ్ టీటన్ కౌంటీ: గదుల అద్దెలు ఇంత ఎందుకు? పెద్దవాళ్ళతో నాలుగు రోజులు ఎలా?

ప్రశ్న:
జూలై మూడో వారంలో సాల్ట్‌లేక్ సిటీలో దిగి, కారు అద్దెకు తీసుకుని టీటన్ కౌంటీకి వెళ్దామనుకుంటున్నాం. నలుగురం. ఇద్దరు ఇండియా నుంచి వస్తున్న పెద్దవాళ్ళు, 65 దాటారు. నాలుగు రాత్రులు. జాక్సన్‌లో మామూలు మోటెల్ గదికి కూడా పెద్ద నగరాల స్టార్ హోటల్ రేటు చూపిస్తోంది. పాతికవేల జనాభా కూడా లేని కౌంటీలో ఇంత ధర ఎందుకు? బస ఎక్కడ పెట్టుకుంటే మేలు? ఎత్తు, ఎలుగుబంట్లు, వంట సంగతులు కూడా చెప్పగలరు.

జవాబు 1:
ధర ఎందుకో తెలిస్తే బస ఎక్కడో సగం తేలిపోతుందండీ. ఆ కౌంటీ నేలలో దాదాపు 97 శాతం ప్రభుత్వానిదే. గ్రాండ్ టీటన్ పార్కు, యెల్లోస్టోన్‌లో పెద్ద ముక్క (ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఉన్నది ఈ కౌంటీలోనే), బ్రిడ్జర్-టీటన్ అడవి, 1912లో మొదలైన ఎల్క్ దుప్పుల శరణాలయం, అన్నీ అందులోవే. ఇళ్ళకీ హోటళ్ళకీ మిగిలింది ఆ కాస్త నేలే.

అది అలా మిగలడం వెనక కథ ఉంది. 1929లో పార్కు ఏర్పడినప్పుడు దాదాపు శిఖరాలూ వాటి కింది చెరువులే అందులో ఉన్నాయి. చమురు కుబేరుడి కొడుకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తన పేరు బయటపడకుండా ఒక కంపెనీ ద్వారా ఆ శిఖరాల కింది లోయలో 30 వేలకు పైగా ఎకరాలు కొని ప్రభుత్వానికి ఇచ్చాడు. పశువుల రైతులు గట్టిగా ఎదిరించారు. చివరికి 1950లో లోయ నేల పార్కులో కలిసింది. ఇవాళ రోడ్డు మీంచి 13,775 అడుగుల గ్రాండ్ టీటన్ శిఖరం ఏ కట్టడమూ అడ్డు లేకుండా కనిపిస్తోందంటే అందుకే.

దానికి తోడు వయోమింగ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. డబ్బున్నవాళ్ళు నివాసం ఇక్కడికి మార్చుకుంటారు. తలసరి ఆదాయంలో అమెరికా కౌంటీలన్నిటికీ ఇదే పైన ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం జీతాలు కాదు, పెట్టుబడుల మీద వచ్చే రాబడి. గదులు సర్దేవాళ్ళు, వంటవాళ్ళు, టీచర్లు ఎంతోమంది కొండ దాటి ఐడహోలోని విక్టర్, డ్రిగ్స్ నుంచి రోజూ వచ్చిపోతారు. 2024 జూన్‌లో ఆ కొండ దాటించే టీటన్ పాస్ (కనుమ) రోడ్డు ఒకచోట కూలి సుమారు మూడు వారాలు మూతపడినప్పుడు, వాళ్ళు స్వాన్ వ్యాలీ, ఆల్పైన్ మీదుగా గంటకు పైగా చుట్టు తిరిగి పనికి రావాల్సి వచ్చింది.

జవాబు 2:
బస విషయం. చవక కోసం చాలామంది విక్టర్ అంటారు. జాక్సన్‌కి 24 మైళ్ళే, కానీ మధ్యలో 8,431 అడుగుల పాస్ ఉంది, వాలు 10 శాతం. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ఆటోమేటిక్ కారైనా గేరు తక్కువకి (L) మార్చి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి, బ్రేకు అప్పుడప్పుడూ గట్టిగా నొక్కి వదలాలి. రాత్రి వేళ ఆ రోడ్డు పెట్టుకోవద్దు.

పెద్దవాళ్ళున్నారు కాబట్టి నా ఓటు: రెండు రాత్రులు గ్రాండ్ టీటన్ పార్కు లోపలే కోల్టర్ బే క్యాబిన్లు, రెండు రాత్రులు విక్టర్. క్యాబిన్లు నెలల ముందే నిండిపోతాయి, అయినా రద్దయినవి మళ్ళీ కనిపిస్తుంటాయి, రోజూ చూస్తూ ఉండండి. కోల్టర్ బే నుంచి యెల్లోస్టోన్ దక్షిణ ద్వారం దగ్గర. నది వంపు తిరిగే ఆక్స్‌బో బెండ్ ఇంకా దగ్గర. అక్కడ నీళ్ళలో మౌంట్ మోరాన్ నీడ చూడాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి, పొద్దెక్కి గాలి లేస్తే నీడ చెదిరిపోతుంది.

జవాబు 3:
టికెట్ లెక్క ముందే చూసుకోండి. రెండు పార్కులకీ వేరువేరుగా బండికి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి, 16 ఏళ్ళు నిండితే, తలకి 100 డాలర్లు అదనం. 11 పార్కుల్లో ఈ నియమం ఉంది, ఈ రెండూ వాటిలోవే. వాళ్ళ కోసం 250 డాలర్ల వార్షిక పాస్ ఉంది, రెండు పార్కులూ చూసేవాళ్ళకి అదే నయం. అమెరికాలో ఉండేవాళ్ళు ఫొటో గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోవాలి.

జెన్నీ లేక్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, ఎనిమిదికల్లా అక్కడ ఉండండి. పడవలో అవతలి ఒడ్డుకి దాటితే హిడెన్ ఫాల్స్‌కి అర మైలే నడక. అక్కడి నుంచి ఇన్‌స్పిరేషన్ పాయింట్‌కి రాళ్ళ మీద నిట్టనిలువు దారి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జలపాతం దగ్గరే ఆగడం మంచిది. మధ్యాహ్నం ఉరుములు మామూలే, అప్పటికి కిందికి వచ్చేయాలి.

టీటన్ విలేజ్ ట్రామ్ (కొండ మీదికి వెళ్ళే కేబుల్ కారు) నిమిషాల్లో 4,139 అడుగులు ఎక్కించి 10,450 అడుగుల దగ్గర దింపుతుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే డాక్టర్‌ని అడగకుండా ఎక్కించవద్దు. ఎక్కితే మూడో రోజు ఎక్కండి, అప్పటికి ఒళ్ళు ఎత్తుకి కాస్త అలవాటు పడుతుంది.

జవాబు 4:
ఎలుగుబంట్ల గురించి ఎవరూ చెప్పలేదు. గ్రిజ్లీలు (గోధుమరంగు పెద్ద ఎలుగులు), నల్ల ఎలుగులు రెండూ ఉన్నాయి. బేర్ స్ప్రే (మీదికొచ్చే ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే) విమానంలో చెకిన్ సామానులో కూడా తీసుకెళ్ళనివ్వరు, జాక్సన్‌లో కొనుక్కోవచ్చు, అద్దెకూ దొరుకుతుంది. సంచిలో పడేస్తే అవసరానికి అందదు, నడుముకి ఉండాలి. ఎలుగు మన మీదికి దూకుతూ 30 నుంచి 60 అడుగుల దూరంలోకి వచ్చినప్పుడు కొంచెం కిందికి గురిపెట్టి కొట్టాలి. దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు. ఎండలో కారులో వదిలితే డబ్బా పేలుతుంది. ఎలుగులకీ తోడేళ్ళకీ 100 గజాలు, మిగతా జంతువులకి 25 గజాలు దూరం పాటించాలి.

పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, టూత్‌పేస్ట్, వాసన వచ్చేది ఏదైనా సరే, బల్ల మీద వదిలి ఫొటోలకి వెళ్ళకండి. అద్దాలు ఎత్తి తాళం వేసిన కారులోనో, క్యాంపు దగ్గరి ఇనుప పెట్టెలోనో పెట్టాలి.

ఇక వంట. కోల్టర్ బే ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఉడకడానికి చాలాసేపు పడుతుంది, చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి. విడి గిన్నెలో అన్నానికి గ్లాసుకి పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి, మంట ఆపాక పది నిమిషాలు మూత తీయకండి. క్యాబిన్ లోపల స్టవ్ వెలిగించకూడదు, పిక్నిక్ బల్లల దగ్గర వండుకోవాలి. బియ్యం, పప్పులు సాల్ట్‌లేక్‌లోనే కొనేయండి.