‘స్కార్చ్’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏది సరైన మాట?

ప్రశ్న:
మామిడి తోటల పెంపకం గురించిన ఒక కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తున్నాను. అందులో ‘లీఫ్ స్కార్చ్’ అన్న మాట పదే పదే వస్తోంది. నిఘంటువులో ‘కాల్చు, మాడ్చు, దహించు’ అన్న అర్థాలు కనిపించాయి గానీ, ‘ఆకు దహనం’ అని రాస్తే తోటకు ఎవరో నిప్పు పెట్టారని రైతు అనుకునే ప్రమాదం ఉంది. ఇదే మాటను ఇస్త్రీ చేసిన చొక్కాకూ, మే నెల ఎండకూ, యుద్ధాల చరిత్రలోనూ వాడటం చూశాను. అన్నిచోట్లా నప్పే తెలుగు మాట ఒకటి ఉన్నదా? ‘బర్న్’కూ దీనికీ తేడా ఏమిటి?

జవాబు 1:
అన్నిచోట్లా నప్పే మాట లేదు. దాని కోసం వెతకడం కూడా అనవసరమని నా అభిప్రాయం. ‘బర్న్’ అంటే కాలడం, అది బూడిద అయ్యేదాకా సాగవచ్చు. ‘స్కార్చ్’ మాత్రం పైపైన తగిలిన వేడికి రంగు మారి, వస్తువు ఇంకా మిగిలి ఉన్న స్థితిని చెబుతుంది. ఇస్త్రీ పెట్టెను ఒకేచోట కాసేపు ఉంచితే నూలుబట్ట మీద పడే గోధుమరంగు మచ్చ దీనికి చక్కని ఉదాహరణ. వెంట్రుకల కొసలు మంటకు చురుక్కున అంటుకుంటే ‘సింజ్’ అంటారు, నల్లగా బొగ్గయితే ‘చార్’ అంటారు.

ఇంగ్లీషు ఇలా వేడి ఎంతదాకా వెళ్ళిందో చూసి మాటను ఎంచుకుంటే, తెలుగు వేడి దేనికి తగిలిందో చూస్తుంది. అన్నం మాడుతుంది, ముఖం ఎండకు కమిలిపోతుంది. వెంట్రుకలు కాలినప్పుడు వచ్చే వాసనకు ‘కమురు’ అన్న ప్రత్యేకమైన మాటే ఉన్నది. పస్తులుంటే కడుపు మాడుతుందని కూడా అంటాం. ఆ అర్థం ఇంగ్లీషు మాటకు లేదు.

జవాబు 2:
ఎండ విషయంలో ‘స్కార్చింగ్’ అన్నది వర్ణనే తప్ప కొలత కాదు. వడగాడ్పులకైతే భారత వాతావరణ శాఖకు లెక్క ఉన్నది: మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్ ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా పెరగాలి. వర్ణనకు మన దగ్గర మాటల కరువు లేదు. మండుటెండ అనవచ్చు, నిప్పులు చెరిగే ఎండ అనవచ్చు; రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే వాళ్ళకు ‘దహించు ఉష్ణం’ లాంటి కృతక పదం ఎందుకు? మాడు పగిలే ఎండ అనడంలోనూ ఈ ‘మాడు’ క్రియే ఉన్నది.

జవాబు 3:
చిన్న సవరణ. ‘మాడు పగిలే ఎండ’లోని మాడు అంటే నడినెత్తి, ‘మాడిపోవు’ అన్న క్రియతో దానికి సంబంధం లేదు.

ఇక యుద్ధాల సంగతి. ‘స్కార్చ్‌డ్ ఎర్త్’ అంటే శత్రువుకు తిండి, నీడ దొరకకుండా వెనక్కి తగ్గుతున్న సైన్యం తన దారిలోని పంటలనూ ఊళ్ళనూ తానే నాశనం చేయడం. 1812లో నెపోలియన్‌కు రష్యాలో ఎదురైనది ఇదే. 1942లో జపాన్ సేనలు వస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్ తీరప్రాంతంలో పడవలనూ బియ్యం నిల్వలనూ స్వాధీనం చేసుకోవడం వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే, నేలను తగలబెట్టకపోయినా. అందువల్ల ఇక్కడ ‘కాలిన నేల’ అన్న మాటకు మాట అనువాదం చాలదు. ‘శత్రువుకు ఏమీ మిగల్చని వ్యూహం’ అని విడమరచడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కరపత్రంలో ‘ఆకుల కొసలు, అంచులు మాడటం’ అని రాయాలనుకుంటున్నాను. సరిపోతుందా?

జవాబు 4:
సరిపోతుంది, రైతులు అనేదీ అదే. అయితే ‘ఎండకు’ అన్న మాటను చేర్చకండి. నీటిలోనూ నేలలోనూ క్లోరైడ్ లవణాలు ఎక్కువైతే మామిడి ముదురు ఆకులు ఇలాగే కొసల నుంచి ఎండుతాయి, పొటాష్ లోపించినా అంచులు మాడతాయి. ఎండదెబ్బ అనుకున్న రైతు నీళ్ళు ఎక్కువ పెడతాడు. ఆ నీళ్ళే ఉప్పువైతే తెగులు ముదురుతుంది. పొటాష్ వేయమని మీ కరపత్రంలో ఉంటే, మ్యూరియేట్ ఆఫ్ పొటాషా, సల్ఫేట్ ఆఫ్ పొటాషా అన్నది మూలంలో ఒకసారి సరిచూడండి. మొదటిదానిలో క్లోరైడ్ ఉంటుంది కనుక ఇలాంటి తోటలకు రెండోదే వాడమంటారు.