అబ్జర్వేషన్ హోమ్ పిల్లలకు ప్రత్యేక వైద్యం: అవసరమా, గారాబమా?

సత్యనారాయణపురం వాసి:
సంక్రాంతికి ముందు మా అత్తయ్య బందరు రోడ్డులో ఆటో దిగుతుంటే మెడలో గొలుసు తెంపుకుపోయారు. దొరికినవాళ్లలో ఒకడికి పదిహేడేళ్లు. కింద పడి ఆవిడ మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. ఇప్పటికీ జడ మా ఆవిడే వేస్తోంది. ఖర్చంతా మాదే. ఆ పిల్లలకేమో, కేసు తేలేదాకా ఉంచే ఆ అబ్జర్వేషన్ హోములో కౌన్సెలర్లు, మానసిక వైద్యులు ఉండాలంటున్నారు. దెబ్బ తిన్నవాళ్ల సంగతేంటి?

గుంటూరు సిస్టర్:
అత్తయ్యగారి వైద్యానికి దిక్కు చూపమని అడగడం న్యాయమేనండీ. అందుకు నేనూ మీతో గొంతు కలుపుతాను. కానీ ఆ పిల్లాడికి ఆపితే ఆవిడ చెయ్యి బాగవదు కదా.

ఒక హోములో రెండేళ్లు నర్సుగా చేశాను. పిల్లాడు రాగానే బరువు, ఒంటిమీద దెబ్బలు, వేళ్ల సందుల్లో గజ్జి చూసేవాళ్లం. అంతే. గంజాయి, మత్తు కోసం పీల్చే సొల్యూషన్ జిగురు అలవాటున్నవాడికి రెండో మూడో రాత్రి నిద్ర పట్టదు, చెమటలు, చిరాకు. గోడకి తల బాదుకుంటుంటే ‘వేషాలు’ అనేవారు. అది వేషం కాదండీ, అలవాటు ఒక్కసారి ఆగితే ఒళ్లు పడే బాధ. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 53వ సెక్షన్‌లో వైద్యం, మానసిక ఆరోగ్యం, డీఅడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించడం) మూడూ ఉన్నాయి. మా రిజిస్టర్లో వాటికి గడి కూడా లేదు.

ఒక్క పిల్లాణ్ణి మాత్రం మర్చిపోలేను. ఫిట్స్ మాత్రలు వేసుకునేవాడు. బెయిల్ వచ్చిన సాయంత్రం వాళ్లమ్మ పనిమీది చీరతోనే పరుగెత్తుకొచ్చింది. సంతకాలు పెట్టించుకుని పంపేశారు. పదకొండో రోజున నాలిక కొరుక్కుని క్యాజువాలిటీలో ఉన్నాడని తెలిసింది. వాడి మాత్రలు, సగం స్ట్రిప్పు, రబ్బరు బ్యాండు చుట్టి మా బీరువాలోనే ఉన్నాయి. ఆ మందు ఉన్నపళంగా ఆపకూడదని వాళ్లమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు డ్యూటీ నాదే.

పటమట లాయర్:
సిస్టర్ గారూ, నా భయం వేరు. చికిత్స అవసరమన్న పేరుతో పిల్లల్ని లోపలే ఉంచేస్తారేమో. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి బెయిలే మామూలు, ఆపడానికి కారణం రాయాలి. అల్లరి చేస్తున్నాడని మత్తుమాత్ర వేసి పడుకోబెడితే దాన్నీ వైద్యమనే రాస్తారు.

గుంటూరు సిస్టర్:
నిజమే, అలా వేయడం చూశాను కూడా. డాక్టరు చూడకుండా ఒక్క మాత్రా ఇవ్వకూడదు. లోపల ఉంచమని నేననడం లేదు లాయర్ గారూ, బయటికి పంపేటప్పుడు ఉత్త చేతులతో పంపొద్దంటున్నాను. నెలకు సరిపడా మందులు, ఓపీ చీటీ, మళ్లీ ఎప్పుడు రావాలో వాళ్లమ్మకి నోటితో చెప్పాలి. ఆవిడకి చదువు రాదు. ఆ సంగతి, పిల్లాడి ఇంటి పరిస్థితి విచారించే ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టులోనే ఉంది, మాదాకా రాలేదు.

ఇంకోటి. ఎంత పెద్ద నేరమైనా, పిల్లాడిగానే విచారిస్తే నేరం తేలాక పంపే స్పెషల్ హోములో ఉంచేది గరిష్ఠంగా మూడేళ్లు. తర్వాత వాడు నడిచేది మనందరి బందరు రోడ్డు మీదే.

సత్యనారాయణపురం వాసి:
కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. మా అత్తయ్య గొలుసు తెంపిన ఆ పిల్లాణ్ణి పట్టుకున్నప్పుడు జేబులో సొల్యూషన్ ట్యూబు దొరికిందని పోలీసులు అన్నారు. అది అమ్మినవాణ్ణి ఎవరైనా అడిగారా?

పటమట లాయర్:
అడగొచ్చండీ. పిల్లలకి మత్తు పదార్థం ఇస్తే 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. సొల్యూషన్ ఆ మాట కిందికి వస్తుందా అని వాదన పెడతారు, పెట్టనివ్వండి. మీ కేసు కాగితాలు పంపండి, చూస్తాను.

సత్యనారాయణపురం వాసి:
పంపుతాను. సిస్టర్ గారూ, ఆ ఫిట్స్ పిల్లాడు ఇప్పుడెలా ఉన్నాడు?

గుంటూరు సిస్టర్:
సెంటరింగ్ పనికి వెళ్తున్నాడు. ఎత్తు మీద పని వద్దన్నాను, కింద ఇనుము వంచుతున్నాడట. నెలనెలా మాత్రలకి వాళ్లమ్మే వస్తోంది.