సర్వి ఆకును కంపోస్టు చేసి వేస్తే కలుపు ఆగుతుందా?

చీనీ తోట, తాడిపత్రి:
మా గట్టు మీది సర్వి (సరుగుడు) చెట్ల కింద ఏటా సూదుల్లాంటి ఆకు మందంగా రాలి పరుచుకుంటుంది, అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. పైన్ ఆకు కంపోస్టు కలుపును అణచుతుందని విని, నిరుడు ఈ ఆకును పేడతో కలిపి కుప్ప వేసి, ఎనిమిది నెలలు మాగనిచ్చి చీనీ (బత్తాయి) పాదుల్లో వేశాను. తొలి వానకే కలుపు మునుపటికన్నా ఏపుగా లేచింది. పొరపాటు ఎక్కడ జరిగిందో అనుభవమున్నవారు చెప్పగలరు.

మిద్దెతోట, కడప:
అయ్యా, సర్వి అసలు పైన్ జాతి చెట్టు కాదు. మనం ఆకు అనుకునేది కణుపులున్న సన్నని రెమ్మ. లాగితే కణుపు దగ్గర ఊడుతుంది, నిజమైన ఆకులు ఆ కణుపు చుట్టూ ఉండే చిన్న పొలుసులు మాత్రమే. కలుపు విషయంలో మాత్రం రెండింటి పనీ ఒకటే. నేల మీద పరిచినంత కాలం వెలుతురు తగలనీయక మొలకను అణచుతాయి, మాగిన తర్వాత ఎరువైపోతాయి, ఆ ఎరువు చీనీ చెట్టుకెంత బలమో కలుపుకూ అంతే బలం. నేను కుండీల్లో పచ్చిగానే పరుస్తాను. ఒకసారి మెంతులు చల్లిన మడిలో కూడా పరిచాను, కలుపుతో పాటు మెంతి కూడా రాలేదు.

నల్లరేగడి, ఆదోని:
పేడలో వచ్చిన కలుపు గింజల సంగతి మరువకండి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిచి, అంచుల్లోనిది లోపలికి వచ్చేలా తిరగవేస్తేనే అవి చస్తాయి. నిదానంగా కుళ్లే సర్వి ఆకు ఎక్కువై, నీరు చాలకపోతే కుప్ప అంత వేడెక్కదు. ఈ ఆకు మా సున్నపు నేలను పులుపెక్కిస్తుందని కొందరు ఆశపడతారు కానీ, కుళ్లేసరికి ఆ పులుపు చాలావరకు తగ్గుతుంది, మిగిలినదాన్ని నేలలోని సున్నం విరిచేస్తుంది.

డ్రిప్పు రైతు, పులివెందుల:
మూడేళ్లుగా చీనీ పాదుల్లో మూడు అంగుళాల మందాన పరుస్తున్నాను. ముందుగా కలుపు తీసి, నేల తడిపి, డ్రిప్పు పైపుల మీదుగా పరిచి, చెట్టు మొదలు చుట్టూ అడుగు మేర ఖాళీ వదలాలి, లేకపోతే తేమకు కాండం కుళ్లి బంక కారుతుంది. గింజ నుంచి మొలిచే వయ్యారిభామ వంటివి బాగా తగ్గాయి. తుంగ మాత్రం భూమిలోని గడ్డ నుంచి లేచి ఆకు పొరను చీల్చుకుని వస్తుంది, గరిక పక్క నుంచి పాకుతుంది. వాటిని తవ్వి తీయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు. వేసవిలో ఇది తొందరగా అంటుకుంటుంది, కాబట్టి దారి పక్క వరుసలకు నేను వేయను.

చీనీ తోట, తాడిపత్రి:
మీ మాటలు విన్నాక పాదులు తవ్వి చూస్తే, లేచినదాంట్లో సగానికి పైగా తుంగే. మిగిలిన కంపోస్టును కొత్త మొక్కల గుంతల్లోకి మళ్లిస్తాను. ఈసారి రాలిన ఆకును కుప్ప వేయక, తుంగ తీసిన పది పాదుల్లో పరిచి, వానలు వెనుదిరిగాక ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.