పదేళ్ళ లాప్‌టాప్: బాగు చేయించి పాపకిద్దామా, వేరేది కొందామా?

నాగోల్ నాన్న:
అందరికీ నమస్తే. మా పాపకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది, సీఎస్ఈ. ఇంట్లో నేను 2015లో కొన్న 14 అంగుళాల లాప్‌టాప్ ఉంది. ఐదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి ఆరు నిమిషాలు పడుతోంది. అరగంట వాడితే వైరు పీకినట్టు ఒక్కసారిగా ఆగిపోతోంది. ఒక షాపులో మూత కూడా తీయకుండా "బోర్డు పోయింది, 9,500 అవుతుంది" అన్నారు. ఇంకో షాపులో "దీని మీద పైసా పెట్టకండి, ఎనిమిదో తరం సెకండ్‌హ్యాండ్‌ది 18,000కి ఇస్తా" అన్నారు. ఫీజు కట్టేశాక నా దగ్గర పదివేలకు మించి లేవు. ఏం చేయమంటారు?

బోడుప్పల్ బాబు:
4 జీబీతో ఇప్పుడు బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు కూడా నడవవు సార్. వదిలేయండి.

స్క్రూడ్రైవర్ అన్న:
అన్నా, తొందర పడకు. నేను 14 ఏండ్ల సంది సికింద్రాబాద్ పార్క్‌లేన్ల గిదే పని చేస్తున్న. మూత తెరవకుండ బోర్డు పోయిందని ఎవరు చెప్పినా నమ్మకు. ముందు అది ఎట్ల ఆగుతుందో చూడు.

ఛార్జర్ పెట్టి ఉన్నా ఆగుతుందా? ఆగే ముందట ఫ్యాన్ గట్టిగ మోగి, కీబోర్డు మీద ఒక పక్క చెయ్యి పెట్టలేనంత వేడైతుందా? అయితే అది వేడితోని ఆగుడే. ఫ్యానుకు, రాగి గొట్టం చివరున్న సన్న రేకులకు నడుమ దుమ్ము కూసుని కంబళి ముక్క లెక్క తయారైతది. ఫ్యాను తిరుగుతనే ఉంటది, గాలి మాత్రం బయటికి రాదు. ప్రాసెసర్ వేడిని గొట్టానికి పంపే పేస్టు పదేండ్లకు సున్నం లెక్క ఎండిపోయి ఉంటది. 100 డిగ్రీలు దాటినంక మెషీన్ తనను తాను కాపాడుకునేందుకు బందైతది. ఛార్జర్ తీసినప్పుడే, ఇంకా 30, 40 శాతం ఉందని చూపిస్తుండగనే ఆగితే మాత్రం బ్యాటరీ సెల్లు పోయినట్టు.

ఇగ ఆరు నిమిషాల సంగతి. టాస్క్ మేనేజర్ తెరువు. డిస్కు 100 శాతం, ప్రాసెసర్ పది, పదిహేను శాతం చూపిస్తే తప్పు డిస్కుది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగనే దొరుకుతది, వేసి సీ5 వరుస చూడు. డిస్కు చదవలేక పెండింగు పెట్టిన సెక్టార్లు అవి. సున్న ఉండాలె. లేకుంటే ముందుగాల ఫోటోలు కాపీ చేసుకో, రిపేరు ముచ్చట తర్వాత.

కూకట్‌పల్లి 2019:
చెప్పినవన్నీ బాగానే ఉన్నాయండీ. ఐదో తరం అన్న మాట మాత్రం వదిలేశారు. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగేళ్ళ కోర్సుకి ఇలాంటిది చేతిలో పెడతారా? 18,000దే తీసుకోండి. అప్పైనా పర్లేదు.

పెంగ్విన్:
విండోస్ బదులు లినక్స్ మింట్ వేయండి. పైసా ఖర్చు లేదు. సీ, పైథాన్ నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? డిస్కులో వేయకముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టి నడిపి చూడొచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపినా ఆగిపోతే విండోస్ తప్పు కాదని కూడా తేలిపోతుంది.

స్క్రూడ్రైవర్ అన్న:
ఎనిమిదో తరం, ఎనిమిదో తరం అని అందరూ గదే పట్టుకున్నరు. మైక్రోసాఫ్ట్ ఖాతాతోని నమోదైతే విండోస్ 10కి 2026 అక్టోబరు దాక సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తయి. ఐదో తరం మీద విండోస్ 11 వేసుకునే పద్ధతి కూడా ఉంది, నేనే చానా మెషీన్లకు వేసిన.

కూకట్‌పల్లి 2019:
వేయొచ్చు. వేశాక అప్‌డేట్లు సరిగ్గా వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఆ సంగతి కస్టమరుకి చెప్తారా?

స్క్రూడ్రైవర్ అన్న:
చెప్త. కాయితం మీద రాసిస్త.

కూకట్‌పల్లి 2019:
రాసివ్వడం వేరు, పూచీ పడటం వేరు. రిపేరు చేస్తేనే మీకు డబ్బులు. "వద్దు, కొనుక్కోండి" అని ఎప్పుడైనా అన్నారా?

స్క్రూడ్రైవర్ అన్న:
నోరు జాగ్రత్త తమ్మీ. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడ్తలేదని ఒకాయన వస్తే తెరిచి చూసిన. బ్యాటరీ ఉబ్బి కిందికెళ్ళి దాన్ని లేపుతుంది. ఎమ్మటే తీసేసి, పైసలు తీసుకోకుండ పంపిన. నాకు నువ్వు నీతులు చెప్పకు.

మియాపూర్ లత:
ఇద్దరూ కాస్త ఆగండి. పాపం ఆయన పదివేలుంది అన్నారు. 18,000 ఎక్కడి నుంచి తెస్తారు?

పెంగ్విన్:
లినక్స్ గురించి ఎవరూ మాట్లాడరేం?

కూకట్‌పల్లి 2019:
మాట్లాడతాను. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలకి వాడే బ్రౌజర్లు చాలావరకు లినక్స్‌లో నడవవు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి లినక్స్ వెర్షనే లేదు. పరీక్ష రోజు ఆ అమ్మాయి ఏం చేయాలి?

నా గోడు కూడా వినండి. 2019లో నేను ఫైనలియర్. కూకట్‌పల్లిలో హాస్టలు. పాత లాప్‌టాప్ నడవట్లేదంటే మా నాన్న తెనాలి నుంచి ఏడు వేలు పంపారు. ర్యామ్ మార్చారు, డిస్కు మార్చారు, పరుగెత్తింది. నెల తిరక్కుండా ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు వచ్చింది, 90 నిమిషాలు. 58వ నిమిషంలో స్క్రీన్ నల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్‌లాక్ లైటు వెలుగుతోంది, బొమ్మ లేదు. షాపుకి తీసుకెళ్తే "మేం వేసిన పార్టులు బాగానే ఉన్నాయి బాబూ, ఇది గ్రాఫిక్స్ చిప్పు" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, పార్టులు బాగానే ఉన్నాయి. నాన్నకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీక ఆ రాత్రంతా మెట్ల మీదే కూర్చున్నాను.

మీరు గ్యారంటీ ఇచ్చేది మీరు మార్చిన ముక్కకి. దాని పక్కనున్న పాత ముక్క పోతే ఎవరిది పూచీ? అది చెప్పండి.

బోడుప్పల్ బాబు:
అయ్యో బ్రో.

స్క్రూడ్రైవర్ అన్న:
తమ్మీ, ఇందాక గట్టిగ అన్న, ఏమనుకోకు. ఆ షాపుల నేను కూసున్నా గదే మాట చెప్పేటోణ్ణి. నా పనికి మూడు నెలలు ఇస్త, పాత డిస్కు బదులు వేసే ఎస్ఎస్‌డీకి కంపెనీ ఏండ్ల లెక్కన ఇస్తది, మొత్తం మెషీన్‌కు ఇయ్యలేను. ఇచ్చినోడు మోసం చేస్తున్నట్టే.

గని ఆ 18,000 దాని సంగతి కూడ ఆలోచించు. ఎనిమిదో తరమంటే అది కూడ 2018 నాటిదే. ఏ ఆఫీసుల ఎన్నేండ్లు రాత్రింబగళ్ళు నడిచిందో ఎవరికెరుక? దాని డిస్కు, బ్యాటరీ, వేడి చూడకుండ కొంటే అన్న ఇంకో ఎనిమిది వేలు అప్పు చేసి నీ 58వ నిమిషమే కొనుక్కున్నట్టు.

కూకట్‌పల్లి 2019:
అది ఒప్పుకుంటాను. చూసే కొనాలి. అయినా నా మాట మారదు. పాతదాని మీద పెట్టిన ప్రతి రూపాయీ "ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడదాం" అనిపిస్తుంది.

నాగోల్ నాన్న:
నిన్న రాత్రి నేనూ పాపా కూర్చుని అన్నీ చూశాం. ఛార్జర్ ఉన్నా ఆగింది, ఇరవై ఆరో నిమిషంలో. ఎడమ పక్క కాలిపోతోంది. డిస్కు 100, ప్రాసెసర్ 12 శాతం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో ఉంది, సీ5 పక్కన చివర్లో 18 అని ఉంది. బ్యాటరీ రిపోర్టులో తయారైనప్పటి సామర్థ్యం 48,000, ఇప్పుడు 14,000 అని వచ్చింది.

స్క్రూడ్రైవర్ అన్న:
ఆ 18 హెక్స్ లెక్క అన్నా, పదికి బదులు పదహారుతోని లెక్కపెట్టేది. మన లెక్కల 24 సెక్టార్లు. డిస్కు పోతుంది. ఇయ్యాలనే కాపీ చేసుకో. బ్యాటరీకి పైసలు పెట్టకు, ఛార్జర్ పెట్టి నడిపించు.

నాగోల్ నాన్న:
ఆదివారం పరేడ్ గ్రౌండ్ మెట్రోలో దిగి, కంప్యూటర్ పార్టులు దొరికే సీటీసీకి వెళ్ళాం. 256 జీబీ ఎస్ఎస్‌డీ 2,200, 8 జీబీ ర్యామ్ 1,300, పేస్టు 150. పాప స్క్రూలు ఏ వరుసలో తీసిందో కాయితం మీద బొమ్మ గీసి, దాని మీదే పెట్టుకుంటూ విప్పింది. రేకుల దగ్గర్నుంచి వచ్చిన దుమ్ము నిజంగానే పొరలా, ఒక్క ముక్కగా ఊడొచ్చింది. ఇప్పుడు ఇరవై సెకన్లలో తెరుచుకుంటోంది. మూడు గంటలు వీడియో పెట్టి వదిలేశాం, ఆగలేదు. మిగిలిన ఆరు వేలు పాప పేరున పక్కన పెట్టాను, వేరేది కొనడానికి.

కూకట్‌పల్లి 2019:
ఆ ఆరు వేలు ముట్టుకోకండి సార్. టెస్టు ఉన్న వారం కెమెరా, మైకు ఆన్ చేసి రెండు గంటలు పూర్తిగా నడిపి చూడమనండి. పెద్ద పరీక్షయితే కాలేజీ ల్యాబ్‌లోనే రాయమనండి, అడిగితే ఇస్తారు.

నాగోల్ నాన్న:
అలాగే చేయిస్తాను. ఒక్క విషయం అన్నా. పాత డిస్కు నుంచి అన్నీ కాపీ అయ్యాయి, పాప మూడో తరగతి వార్షికోత్సవం ఫోటోలు రెండు తప్ప. సగం దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

స్క్రూడ్రైవర్ అన్న:
మళ్ళ మళ్ళ ప్రయత్నించకు, ఆ డిస్కుకు ఇంక కరెంటే పెట్టకు. పాత గుడ్డల చుట్టి పట్టుకురా. వస్తయో రావో చెప్పలేను, కూసుని చూస్త.