2023 తెలంగాణ మేనిఫెస్టోలు: కాంగ్రెస్, బీఆర్ఎస్ విధానాల్లో నిజంగా తేడా ఉందా?

ప్రశ్న: ఓరుగల్లు విద్యార్థి

నేను రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. 2023 శాసనసభ ఎన్నికలకు కాంగ్రెస్, బీఆర్ఎస్ విడుదల చేసిన మేనిఫెస్టోలను ఈ మధ్య పక్కపక్కన పెట్టుకుని చదివాక ఒక సందేహం బలపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలను ప్రకటించింది. నాలుగు వారాలకు, అక్టోబరు 15న, బీఆర్ఎస్ మేనిఫెస్టో వచ్చింది. మహిళలకు నెలకు 2,500 రూపాయలు ఇస్తామని కాంగ్రెస్ చెబితే, పేద మహిళలకు 3,000 ఇస్తామని బీఆర్ఎస్ చెప్పింది. గ్యాస్ సిలిండరు 500కు అని ఒకరు, 400కు అని మరొకరు; ఆరోగ్యశ్రీ పది లక్షల వరకు అని ఒకరు, పదిహేను లక్షల వరకు అని మరొకరు; పింఛను 4,000 చేస్తామని ఒకరు, దశలవారీగా 5,000కు తీసుకెళ్తామని మరొకరు. ఎకరానికి ఏటా ఇచ్చే పెట్టుబడి సాయంలోనూ 15,000కు ఎదురుగా 16,000 నిలబడింది.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 64 స్థానాలు, బీఆర్ఎస్‌కు 39 వచ్చినా, ఓట్లలో రెండింటి మధ్య దూరం సుమారు రెండు శాతమే. అంత దగ్గరగా జరిగిన పోటీలో ఓటరు రెండు విధానాల్లో ఒకదాన్ని ఎంచుకున్నాడా, లేక ఒకే విధానానికి ఇద్దరు చెప్పిన రెండు ధరల్లో ఒకదాన్ని ఎంచుకున్నాడా? పార్టీల మీది అభిమానాన్నో కోపాన్నో పక్కన పెట్టి, చట్టాలనూ జీవోలనూ దగ్గరగా చూసినవారు జవాబిస్తే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: పాలమూరు పాఠకురాలు

మీరు పోల్చినవన్నీ రేట్లు. రేట్ల దగ్గరే ఆగితే రెండు పార్టీలూ ఒకేలా కనిపించడం సహజం, ఎందుకంటే ఎదుటివారు ఎంత అన్నారో తెలిశాక దాని మీద మరికొంత పెంచి చెప్పడానికి విధానమంటూ ఏదీ అక్కరలేదు. ఆ డబ్బు ఎవరికి చేరాలి, ఎవరికి చేరనక్కరలేదు అని నిర్ణయించిన చోటనే పార్టీ ఆలోచన బయటపడుతుంది.

రైతుబంధును తీసుకుందాం. 2018 మే నెలలో మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000, మరుసటి ఏడాది నుంచి 5,000 చొప్పున, పట్టాదారు పాసు పుస్తకం ఉన్న ప్రతి ఎకరానికీ ఆ సాయం అందింది. ఐదెకరాల వారికైనా యాభై ఎకరాల వారికైనా పరిమితి లేదు. భూమిని కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న యజమాని ఖాతాలోనూ డబ్బు పడింది. ఆ భూమిలో పెట్టుబడి పెట్టి దున్నిన కౌలు రైతుకు మాత్రం రూపాయి రాలేదు. ఇది అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. కౌలు అనేది యజమానికీ సాగుదారుకూ మధ్య ఒప్పందమని, అందులో ప్రభుత్వం తలదూర్చదని అప్పటి బీఆర్ఎస్ ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగంగానే వాదించారు. రైతుబీమా కూడా అదే దారిలో నడిచింది: 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు మరణిస్తే ఆ కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి, సొంత భూమి లేక కౌలుకు చేస్తూ అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి రావు. ఆ వాదనతో నేను ఏనాడూ ఏకీభవించలేదు కానీ, అది స్పష్టమైన విధానమేనని అంగీకరించాలి.

కాంగ్రెస్ 2022 మే 6న వరంగల్ రైతు డిక్లరేషన్‌లో దీనికి భిన్నమైన మాట ఇచ్చింది. ఎకరానికి 15,000 కౌలు రైతులకు కూడా ఇస్తామని, భూమి లేని వ్యవసాయ కూలీలకు ఏటా 12,000 ఇస్తామని చెప్పింది. మీ పట్టికలో 15,000, 16,000 అంకెల మధ్య కనిపించకుండా పోయిన అసలు తేడా ఇదే. రైతు అంటే భూమి ఉన్నవాడా, సాగు చేసేవాడా అన్న ప్రశ్నకు రెండు పార్టీలూ రెండు జవాబులు చెప్పాయి.

అయితే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక ఏమైందో కూడా చెప్పాలి. 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో మొదలైన రైతు భరోసా, మాట ఇచ్చిన 15,000 నుంచి ఎకరానికి ఏటా 12,000కు తగ్గింది. రాళ్లూ గుట్టలూ, వెంచర్లుగా మారిన భూములు తీసివేసి సాగుకు పనికొచ్చే భూమికే ఇస్తామన్నారు. అది మంచి మార్పే. ఉపాధి హామీలో 2023-24లో కనీసం 20 రోజులు పనిచేసిన భూమిలేని కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో 12,000 ఇచ్చే పథకమూ వచ్చింది. కౌలు రైతుకు మాత్రం 2025 వానాకాలం సాయంలోనూ చోటు దొరకలేదు. దీనికి కారణం ఖజానా ఒక్కటే కాదని నా అభిప్రాయం. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులు భూమి మీద హక్కులు పొందిన జ్ఞాపకం పట్టాదారుల కుటుంబాల్లో ఈనాటికీ ఉంది. సాగుదారు పేరు ఎక్కడైనా కాగితం మీదికి ఎక్కితే భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది యజమానులు నోటిమాట కౌలుకే ఒప్పుకుంటారు. ఆ యజమానులు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, గ్రామాల్లో రెండు పార్టీలకూ వారే పెద్దలు. కాబట్టి కాగితం మీద కనిపించిన తేడా ఆచరణలో కరిగిపోయింది.

జవాబు: విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి

పాలమూరు పాఠకురాలు గారు చెప్పిన కౌలు విషయం సరైనదే. అయితే తేడా కరిగిపోకుండా చట్టం దాకా వెళ్లిన సందర్భం కూడా ఉంది. అది ధరణి. నా ఉద్యోగ జీవితమంతా భూమి రికార్డుల మధ్యనే గడిచింది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను.

2020 సెప్టెంబరులో అప్పటి ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్ఓ) వ్యవస్థను రద్దు చేసి, 1971 నాటి భూమి హక్కుల రికార్డు (ఆర్.ఓ.ఆర్.) చట్టం స్థానంలో కొత్త పట్టాదారు పాసు పుస్తకాల చట్టం తెచ్చింది. అక్టోబరు 29న భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైంది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్తే ఒకే పూటలో రిజిస్ట్రేషనూ, రికార్డులో పేరు మార్చే మ్యుటేషనూ పూర్తయ్యేవి. వివాదం లేని భూమికి అది నిజంగా పెద్ద సౌకర్యం, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. కానీ ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన ఏమిటంటే, రికార్డు ఒకసారి సరిచేశాం, ఇక దానికి కింది స్థాయిలో ఎవరూ చేయి పెట్టనక్కరలేదు. అందుకే ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకునే దారి మూసుకుపోయింది, రెవెన్యూ కోర్టులు పోయాయి. పేరులో అక్షరం తప్పు పడినా, విస్తీర్ణం రెండు గుంటలు తగ్గినా, పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలోకి వెళ్లినా, రైతు కలెక్టర్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఎకరం భూమి ఉన్న మనిషికి సివిల్ కోర్టు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. అంతకుముందే జరిగిన రికార్డుల ప్రక్షాళనలో గ్రామ భూమి రికార్డు అయిన పహాణీ నుంచి, సాగు చేసేవారి పేరు రాసే కాస్తు కాలమ్ కూడా తొలగిపోయింది, కాబట్టి పైన చెప్పిన కౌలు రైతు రికార్డులో అసలు లేకుండా పోయాడు.

ఎన్నికల ప్రచారంలో ఈ ఒక్క విషయం మీద రెండు పార్టీలూ సూటిగా ఎదురుపడ్డాయి. ధరణిని తీసేస్తే దళారులూ లంచాలూ మళ్లీ వస్తాయని బీఆర్ఎస్ చెప్పింది. ధరణిని రద్దు చేస్తామని కాంగ్రెస్ చెప్పింది. 2024 డిసెంబరులో శాసనసభ భూభారతి చట్టాన్ని ఆమోదించింది, 2025 ఏప్రిల్ 14న అది అమలులోకి వచ్చింది. ఆర్డీవోకూ కలెక్టర్‌కూ అప్పీలు చేసుకునే హక్కు తిరిగి వచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలకు దారి దొరికింది, గ్రామానికి మళ్లీ ఒక పాలనాధికారి వచ్చాడు. దీని ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంకా కొన్నేళ్లు కావాలి. గ్రామాధికారి తిరిగి రావడం వల్ల లంచం కూడా తిరిగి రావచ్చునన్న భయం నిరాధారమైనది కాదు. అయినా, ప్రభుత్వ రికార్డులో తప్పు జరిగితే పౌరుడు ఎవరి గుమ్మం ఎక్కాలి అన్న దాని మీద రెండు పార్టీలు రెండు వేర్వేరు చట్టాలు చేశాయి. ఇంతకంటే స్పష్టమైన విధాన భేదం ఉండదు.

జవాబు: మానేరు ఒడ్డు

పై ఇద్దరినీ గౌరవిస్తూనే నేను విభేదిస్తున్నాను. పథకానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారన్నది అడిగితే రెండు పార్టీల మధ్య తేడా కనబడదు. 2023 ఆగస్టులో, ఎన్నికలకు ముందు, 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచారు. తిరిగి ఇవ్వని రుసుము దరఖాస్తుకు రెండు లక్షలు. దుకాణం రానివారి దగ్గర కూడా వసూలైన ఆ రుసుముతోనే 2,600 కోట్లకు పైగా వచ్చింది. ఆనాడు దాన్ని తప్పుపట్టిన పార్టీ 2025లో అదే రుసుమును మూడు లక్షలు చేసి 2,800 కోట్లకు పైగా రాబట్టింది. 2023లో హైదరాబాద్ శివారు కోకాపేటలో భూమి వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటిందని బీఆర్ఎస్ ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. 2025 నవంబరులో అదే కోకాపేటలో ఎకరం 130 కోట్లు దాటింది. అదే ఏడాది హైదరాబాద్‌లోనే కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను అమ్మే విషయంలో ప్రభుత్వం ఎంత దూరం వెళ్లిందో, సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో జోక్యం చేసుకుని పనులు ఆపించే దాకా అందరమూ చూశాం. మద్యమూ హైదరాబాద్ భూమీ లేకుండా సంక్షేమం ఎలా నడపాలో ఏ మేనిఫెస్టో కూడా చెప్పలేదు.

రెండో విషయం, అభ్యర్థులు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 19 మందిలో 12 మంది 2019 జూన్‌లో అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌లో (నేటి బీఆర్ఎస్) విలీనమయ్యారు. 2023లో బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచినవారిలో పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఫిర్యాదులు స్పీకర్ ముందుకు వచ్చాయి, మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ధరణిని సమర్థిస్తూ ఓట్లడిగిన మనిషి ఏడాది తిరగకుండా భూభారతి తెచ్చిన పక్షాన కూర్చోగలిగితే, ఆయన ఓటరు ముందు పెట్టిన విధానం ఏమిటి? రెవెన్యూ ఉద్యోగి గారు చెప్పిన భేదం ప్రభుత్వాల మధ్య ఉంది, అది నిజమే. నియోజకవర్గంలో మన ముందు నిలబడిన ఇద్దరు అభ్యర్థుల మధ్య ఉందని మాత్రం నేను అనలేను. ఈ మాట నేను చాలా బాధతో రాస్తున్నాను.

జవాబు: కృష్ణా డెల్టా

పొరుగు రాష్ట్రం నుంచి ఒక్క మాట. మా దగ్గర కూడా పింఛను 3,000, 4,000, బడి పిల్లల తల్లులకు ఇచ్చే అమ్మ ఒడి, తల్లికి వందనం అన్న లెక్కలే ప్రచారంలో ఎక్కువగా వినిపించాయి. కానీ రాజధాని విషయంలో తేడా ఎంత లోతైనదో అమరావతికి భూములిచ్చిన 29 గ్రామాలవారిని అడిగితే తెలుస్తుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చింది, 2020లో చట్టమైంది, 2021 నవంబరులో ఉపసంహరించుకున్నారు, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాకే పనులు తిరిగి మొదలయ్యాయి. అంత వైరం ఉన్న తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు 2019లో 370వ అధికరణం విషయంలోనూ, పౌరసత్వ సవరణ బిల్లు విషయంలోనూ పార్లమెంటులో ఒకే వైపు ఓటు వేశాయి. 2022 రాష్ట్రపతి ఎన్నికలోనూ అంతే. 2025లో వక్ఫ్ సవరణ బిల్లు దగ్గర విడిపోయాయి. కాబట్టి తేడా ఉందా లేదా అని ఒక్కసారిగా తేల్చడం కంటే, ఏ విషయంలో అని అడగడం మంచిది. రాష్ట్రంలో ప్రాణాంతకంగా కనిపించే పోటీ ఢిల్లీకి వెళ్లేసరికి ఎందుకు మాయమవుతుందో మాత్రం రాజనీతిశాస్త్ర విద్యార్థులు పరిశోధించవలసిన విషయం.

ప్రశ్న అడిగినవారు: ఓరుగల్లు విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. నా పట్టికలో అర్హత నిబంధనల కోసం ఒక వరుస, ఏ చట్టాన్ని మారుస్తారన్నదాని కోసం మరో వరుస చేర్చాను. మానేరు ఒడ్డు గారి వాదన విన్నాక ఆదాయ మార్గాలనూ చేర్చక తప్పలేదు. పాలమూరు పాఠకురాలు గారిని ఒక్కటి అడగాలనుంది. కౌలు రైతు విషయంలో పార్టీ నిజంగా మాట్లాడుతున్నదో, ఓట్ల కోసమే అంటున్నదో ఎన్నికలకు ముందే గుర్తించే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: పాలమూరు పాఠకురాలు

ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కౌలు రైతుకు ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డుతో బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అడగవచ్చు, యజమాని హక్కుకు ఎలాంటి భంగమూ రాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద కార్డులు ఇచ్చారు. యజమాని సంతకం తప్పనిసరి కావడంతో అక్కడా చాలామందికి కార్డులు అందలేదు. తెలంగాణలో 2011 చట్టం రద్దు కాలేదు, అమలు మాత్రం ఆగిపోయింది. దాన్ని మళ్లీ నడిపించడానికి కొత్త బిల్లు అక్కరలేదు, పెద్ద బడ్జెట్ కూడా అక్కరలేదు. తహసీల్దార్లకు ఆదేశాలు, గ్రామసభల్లో దరఖాస్తులు తీసుకోవడానికి ఒక గడువు చాలు. కాబట్టి మేనిఫెస్టోలో ఎకరానికి ఎన్ని వేలు రాశారో చూసే ముందు ఈ చట్టం పేరు, కార్డులు ఇచ్చే గడువు ఉన్నాయో లేదో చూడండి. మీ నియోజకవర్గ అభ్యర్థులిద్దరినీ ఇదే అడిగి, వారి జవాబులను ఇక్కడ రాయండి. యజమాని సంతకం లేకుండా కార్డు ఇప్పిస్తారా అని కూడా తప్పకుండా అడగండి, ఎందుకంటే ఇద్దరిలో ఎవరు వెనకడుగు వేస్తారో అక్కడే తెలుస్తుంది.