యూనిట్ టెస్టుల్లో హెల్పర్: ఫంక్షనా, మాక్రోనా?

బ్రాడీపేట_పాయింటర్:
సీ భాషలో రింగ్ బఫర్‌కి (చివరికొస్తే మళ్ళీ మొదటికి తిరిగే క్యూ) యూనిటీ అనే టెస్ట్ లైబ్రరీతో టెస్టులు రాస్తున్నాం. బఫర్ ఖాళీయేనా అని చూసే హెల్పర్ ఫంక్షన్ ఒకటుంది: హెడ్, టెయిల్ స్థానాలు సమానమా, కౌంట్ సున్నానా, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ దిగి ఉందా అని మూడు అసర్ట్‌లు (తప్పయితే టెస్టుని ఫెయిల్ చేసే తనిఖీలు). కౌంట్ తేడా వస్తే ఎప్పుడూ హెల్పర్‌లోని 14వ లైనే చూపిస్తోంది. టెస్టు పేరు వస్తుంది గానీ, ఒకే టెస్టులో మూడుసార్లు పిలిస్తే ఎక్కడ పడిందో తెలీదు. దాన్ని మాక్రో (కంపైల్‌కి ముందు పిలిచిన చోటే అతికే కోడ్) చేసెయ్యమంటారా?

బందరురోడ్డు_బైట్:
చేసెయ్యండి. __లైన్__ (లైన్ నంబరు ఇచ్చే సీ మాక్రో) ఎక్కడ విస్తరిస్తే అక్కడి నంబరే వస్తుంది. ఫంక్షన్‌లో రాస్తే ఫంక్షన్ లైనే చూపిస్తుంది మరి.

గవర్నర్‌పేట_జీడీబీ:
చెయ్యకండి. ఆర్గ్యుమెంట్‌ని రెండుసార్లు వాడే మాక్రోకి క్యూ_తీయి(&క్యూ) ఇచ్చారనుకోండి. పోల్చేటప్పుడు ఒకసారి, తేడా ప్రింట్ చేసేటప్పుడు ఇంకోసారి నడుస్తుంది. ప్రింటయ్యే విలువ, పోల్చిన విలువ వేరు. పైగా డీబగ్గర్‌లో మాక్రో లోపలికి స్టెప్ అవ్వలేం. వెనకటి ఆఫీసులో ఒక మహానుభావుడు డూ-వైల్(0)లో చుట్టకుండా ఒట్టి ఇఫ్‌తో మాక్రో రాశాడు. బయటి ఎల్స్ వెళ్ళి ఆ లోపలి ఇఫ్‌కి అతుక్కుంది. దాన్ని పట్టుకునే పని నాకే వచ్చింది.

తెనాలి_టోకెన్:
సీతో వచ్చే అసర్ట్.హెచ్ చాలదా? ఇంత గోలెందుకు?

బందరురోడ్డు_బైట్:
@టోకెన్ చాలదు. ఎన్‌డీబగ్ (అసర్ట్‌లు ఆపేసే సెట్టింగ్) పెట్టి బిల్డ్ చేస్తే అసర్ట్ మాయం, లోపల ఫంక్షన్ పిలుపు ఉంటే అదీ మాయం. పెట్టకపోతే మొదటి దెబ్బకే అబార్ట్ అయి ప్రోగ్రామ్ ఆగిపోతుంది, మిగతా టెస్టులు నడవవు.
@జీడీబీ ఆ మహానుభావుడి మాక్రోకి నేను పూచీ కాదు. నేను చెప్పేది ఒక్క లైను మాక్రో:
#డిఫైన్ ఖాళీ_చెక్(బి) ఖాళీ_చెక్_లోపల((బి), __లైన్__)
పని మొత్తం ఫంక్షన్‌దే. ఆర్గ్యుమెంట్ ఒక్కసారే నడుస్తుంది, స్టెప్ కూడా అవ్వొచ్చు. లోపల మామూలు అసర్ట్ కాకుండా, ముందు యూనిటీ_ అని ఉండే యూనిటీ_టెస్ట్_అసర్ట్_ఈక్వల్_ఇంట్ వాడాలి. దాని మూడో ఆర్గ్యుమెంట్ లైన్ నంబరు, నాలుగోది మెసేజి.

గవర్నర్‌పేట_జీడీబీ:
ఫైలు సంగతో? యూనిటీ ప్రింట్ చేసేది టెస్టులు మొదలయ్యే యూనిటీ_బిగిన్ దగ్గర పట్టుకున్న ఫైలు పేరు. హెల్పర్ వేరే .సీ ఫైల్లో ఉంటే టెస్టు ఫైలు పేరు పక్కన హెల్పర్ ఫైలు లైను పడుతుంది. 14వ లైన్‌కి వెళ్తే అక్కడ ఇంక్లూడ్ లైన్ ఉంటుంది!

బందరురోడ్డు_బైట్:
అందుకే కదండీ పిలిచిన చోటి లైను పంపమంటున్నది! మీరు నా వాదననే నాకు అప్పజెబుతున్నారు.

కొత్తపేట_కంపైలర్:
గుంటూరు ల్యాబుల్లో ప్రింట్‌ఎఫ్ పెట్టి కళ్ళతో చూసుకోవడమే టెస్టింగ్. మీరు అదృష్టవంతులు.

గవర్నర్‌పేట_జీడీబీ:
సరే, లైను వదిలేద్దాం. హెల్పర్‌లో మాలాక్‌తో మెమరీ తీసుకుని, తర్వాత అసర్ట్ పడిందనుకోండి. యూనిటీ లాంగ్‌జంప్‌తో బయటికి దూకుతుంది, మెమరీ వదిలెయ్యడానికి కింద రాసిన ఫ్రీ నడవదు. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే టూల్) లీక్ అంటుంది. అసలు కోడ్‌లో లీకేమో అని మనం వెతుకుతూ కూర్చుంటాం.

బందరురోడ్డు_బైట్:
పాయింటర్‌ని ఫైలు స్థాయిలో స్టాటిక్‌గా పెట్టి టియర్‌డౌన్‌లో (ప్రతి టెస్టు తర్వాత నడిచే ఫంక్షన్) ఫ్రీ చేసి నల్ చెయ్యండి. టెస్టు ఫెయిలైనా టియర్‌డౌన్ నడుస్తుంది. చెక్ అనే ఇంకో టెస్ట్ లైబ్రరీ అయితే మామూలుగా ఒక్కో టెస్టుని ఫోర్క్ చేసి, అంటే వేరే ప్రాసెస్‌లో నడుపుతుంది, ప్రాసెస్‌తోపాటే మెమరీ పోతుంది. జీడీబీ డీబగ్గర్‌తో పట్టుకోవాలంటే మాత్రం సీకే_ఫోర్క్=నో పెట్టాలి. అయినా మీ గొడవ మాక్రో కాదు, లైనూ కాదు, లీకూ కాదు. ఒకటి తీరిస్తే ఇంకోటి తెస్తున్నారు. హెల్పర్లే వద్దంటున్నారు, ఆ మాట సూటిగా అనండి.

గవర్నర్‌పేట_జీడీబీ:
అంటాను. వద్దు! ఆ మూడు అసర్ట్‌లూ ప్రతి టెస్టులో రాస్తే ఏం పోయింది? టెస్టు పడ్డప్పుడు పైనుంచి కిందికి ఒకే చోట చదవాలి. ఖాళీ_చెక్ అంటే ఏమిటో ఇంకో ఫైలు తెరిచి చూడాలా?

బందరురోడ్డు_బైట్:
రేపు కౌంట్ ఫీల్డ్ తీసేస్తే అన్ని టెస్టులూ మీరొచ్చి మారుస్తారా?

గవర్నర్‌పేట_జీడీబీ:
మారుస్తాను. ఏ టెస్టు కౌంట్ మీద ఆధారపడిందో అప్పుడే తెలుస్తుంది. మీ పద్ధతిలో హెల్పర్‌లో ఒక్క లైను తీసేస్తారు, అన్నీ పచ్చగా పాసవుతాయి, ఏ టెస్టు దేన్ని చూడ్డం మానేసిందో రివ్యూలో ఎవరికీ కనపడదు.

బందరురోడ్డు_బైట్:
హెల్పర్ మారితే డిఫ్‌లో కనపడదా? ఒక్క లైను డిఫ్ చదవనివాళ్ళు ముప్పై చోట్ల మార్పు చదువుతారా?

బ్రాడీపేట_పాయింటర్:
లైను పంపే పద్ధతి పెట్టాను, సరైన చోటు చూపిస్తోంది. థాంక్సండీ. మరి రెండు బఫర్ స్ట్రక్ట్‌లు సమానమా అని మెమ్‌కంప్‌తో (బైటు బైటుగా పోల్చేది) చూసే హెల్పర్ పెట్టుకోవచ్చా?

బందరురోడ్డు_బైట్:
వద్దు. ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ప్యాడింగ్ బైట్లలో ఏముంటుందో చెప్పలేం. క్యారెక్టర్ తర్వాత 4 బైట్ల ఇంట్ ఉంటే సాధారణంగా మధ్యలో 3 బైట్లు ఖాళీ. ఈ మెషీన్‌లో పాసవుతుంది, ఆప్టిమైజేషన్ మారిస్తే ఫెయిలవుతుంది. ఫీల్డు ఫీల్డుగా పోల్చే ఫంక్షన్ రాయండి.

గవర్నర్‌పేట_జీడీబీ:
మెమ్‌కంప్ వద్దన్నంతవరకు ఒప్పుకుంటాను. ఆ ఫంక్షన్ దగ్గర మళ్ళీ మొదలు.